రెండు గళ్ళకు ఒకే పేరు

కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా, ఎరువుల అంగడి మేడ మీద దివాకర్ కంప్యూటర్ ఆఫీసు ఉండేది. అందులో రెండేళ్ళపాటు వెబ్ పేజీలు తయారుచేసిన అమ్మాయి ఫరీన్. ఊళ్ళో ఆమె మాట వస్తే అందరూ మొదట అనేది ఒకటే. "ఆ పిల్లకు ఏదీ నచ్చదప్పా. ఎప్పుడు చూసినా చేదు మందు తాగినట్ల మొగం పెట్టుకోనుంటాది."

ఆ ముఖం ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. మాబు సాబ్ రాయదుర్గం రోడ్డులో రేకుల షెడ్డు కింద బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. నీళ్ళు అడుగంటిన బోర్లలో ఊరికే తిరిగి తిరిగి కాలిపోయిన మోటార్లు ఆయన దగ్గరికి ఎడ్ల బండ్ల మీదా ట్రాక్టర్ల మీదా వచ్చేవి. మోటారు విప్పగానే, అంతకుముందు దాన్ని కట్టినవాడు నాసిరకం తీగ చుట్టాడని తెలిస్తే, పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు. "థూ! రైతు కంట్లో మన్ను కొట్టినాడు గదా" అనేవాడు. కోపం కూడా కాదు అది, రోత. కుళ్ళిన పండు చేతికి తగిలినప్పటి రోత. ఫరీన్ చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులో కూర్చుని చదువుకుంది. కాలిన తీగ వాసన, తండ్రి ఉమ్మేసే తీరు రెండూ ఆమెకు ఒంటబట్టాయి.

అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. 2006లో తిరిగొచ్చి దివాకర్ దగ్గర చేరింది. దివాకర్ భూములున్న ఇంటివాడు. వాళ్ళ నాయన ఒకప్పుడు సమితి ప్రెసిడెంటు. దివాకర్ మొదట జీపులు నడిపాడు, కంకర కాంట్రాక్టు చేశాడు, ఆ తర్వాత కాలం మారిందని కంప్యూటర్లు కొన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. అయితే పని కన్నా బోర్డు పెద్దగా ఉండాలనే రకం. బడికి పేజీ చేసినా, కల్యాణ మండపానికి చేసినా, తెరవగానే గంట మోగాలి, అక్షరాలు అటూ ఇటూ పరిగెత్తాలి, ఫోటో చుట్టూ దీపాలు వెలగాలి.

"అన్నా, పెండ్లికి ముహూర్తం తేదీ ఖాళీ ఉందో లేదో చూసుకునేకి వస్తారు జనం. ఆ తేదీ యాడుందో వెతుక్కునేలోగా పెండ్లి అయిపోతాది" అనేది ఫరీన్.

"నీకు అందం తెలీదమ్మా" అనేవాడు దివాకర్.

అప్పుడప్పుడే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు వస్తున్నాయి. లైబ్రరీ అంటే, పేజీ చేత పని చేయించే స్క్రిప్టులను ఎవరో ముందే రాసి కట్టిపెట్టిన మూట. దాన్ని పేజీలోకి తెచ్చుకుంటే, మెనూ తెరుచుకోవడం, జాబితా నిండడం, అక్కర్లేని గడి దాక్కోవడం లాంటి పనులు రెండు మూడు వరుసల్లో అయిపోతాయి. ఫరీన్ అందులో జేక్వెరీ అనేదాన్ని కుదురుగా నేర్చుకుంది. దివాకర్ మాత్రం ఎక్కడ ఏ మూట ఉచితంగా దొరికితే దాన్ని తెచ్చి పేజీలో పడేసేవాడు. గంట మోగడానికొకటి, దీపాలు వెలగడానికొకటి. ఎవరి సరుకు ఎవరిదో తెలియకుండా కలిసిపోయిన సంత మూటల్లా ఉండేవి ఆ పేజీలు. వాటిని విప్పి చూసిన ప్రతిసారీ ఫరీన్‌కు కాలిన మోటారు విప్పినట్టే ఉండేది.

2008 మే నెలలో మెట్ట రైతుల విత్తన సంఘం వాళ్ళు దివాకర్‌కు ఒక పని ఇచ్చారు. వానలకు ముందు వేరుశనగ విత్తనం పంచడానికి ప్రతి ఏడూ తొక్కిసలాట అవుతోంది. ఈసారి కళ్యాణదుర్గం, కణేకల్, గోరంట్లలో కంప్యూటర్లు పెట్టి, రైతు పేరు, ఊరు, పట్టాదారు పాస్‌బుక్ నంబరు ఎక్కించుకుని, అక్కడికక్కడే టోకెన్ చీటీ ఇవ్వాలి. చీటీ చూపించి గోడౌన్లో విత్తనం తీసుకోవాలి. సంఘం అధ్యక్షుడు శ్రీరంగప్ప వచ్చి, పేజీ పైన తన ఫోటో బాగా కనబడేట్టు ఉండాలని చెప్పి పోయాడు.

ఫరీన్ పన్నెండు రోజులు కష్టపడింది. మండలం ఎంచుకుంటే ఆ మండలంలోని ఊళ్ళ జాబితా తనంతట తాను నిండేట్టు చేసింది. పాస్‌బుక్ నంబరులో అంకెలు తగ్గినా పెరిగినా ఎర్ర అక్షరాలు వచ్చేట్టు చేసింది. ఇంక అయిపోయిందనుకున్నప్పుడు దివాకర్ వచ్చి కుర్చీ వెనక నిలబడ్డాడు.

"పట్టాదారు చచ్చిపోయింటే వాళ్ళ పెండ్లామో కొడుకో వస్తారంట. డెత్ సర్టిఫికెట్ నంబరు గూడ ఎక్కించల్లంట. దానికొక గడి పెట్టు."

"పెడతా లేన్నా. దాన్ని సరిగా పరీక్ష చేసుకోవల్ల, రేపటికి అయితాది."

"రేపా? శ్రీరంగప్ప కింద జీపులో కూర్చోనుండాడు. ఆ పాస్‌బుక్ గడినే కాపీ కొట్టి పైన అతికించమ్మా, పేరు మార్చు, అంతే గదా!"

ఫరీన్ అలాగే చేసింది. పాస్‌బుక్ గడిని కాపీ తీసి దాని పైన అతికించింది. పక్కన కనబడే పేరును 'మరణ ధ్రువపత్రం నంబరు' అని మార్చింది. పట్టాదారు మరణించాడని టిక్కు పెడితేనే ఆ గడి పేజీలోకి వచ్చి చేరాలి, లేకపోతే పేజీలో ఉండనే కూడదు. వస్తోంది. దివాకర్ భుజం తట్టి మెట్లు దిగిపోయాడు.

పంపకం మొదలైన రోజు పొద్దున పది గంటలకే మూడు కేంద్రాల నుంచీ ఫోన్లు. మండలం ఎంచుకుంటే ఊళ్ళు రావడం లేదు. జనం వరసలో నిలబడి కేకలేస్తున్నారు. ఫరీన్ పేజీ తెరిచి చూసి నోరు తెరిచింది. శ్రీరంగప్ప ఫోటో మీద పైనుంచి కిందికి గులాబీ పూలు రాలుతున్నాయి. ముందు రోజు ఆమె ఇంటికి పోయిన తర్వాత దివాకర్ ఆ పూల స్క్రిప్టు తెచ్చి పెట్టాడు. దానితోపాటు ఇంకో లైబ్రరీ వచ్చింది. ఈ లైబ్రరీ, ఆమె వాడిన జేక్వెరీ, రెండూ డాలరు గుర్తునే తమ పేరుగా పెట్టుకున్నవి. ఒక ఇంట్లో ఇద్దరికీ ఒకే పేరుంటే ఒకరిని పిలిస్తే ఇంకొకరు పలికినట్టు, ఊళ్ళ కోసం ఆమె స్క్రిప్టు పిలిస్తే పూలది పలుకుతోంది. దానికి ఊళ్ళ సంగతి ఏం తెలుసు?

"అన్నా, పూలు తీసేస్తా" అంది.

"వద్దమ్మా! పొద్దున శ్రీరంగప్ప చూసి ఎంత మురిసిపోయినాడో తెలుసా?"

"ఎండలో రెండు వందల మంది నిలబడుకోనుండారన్నా."

"పూలు ఉండల్ల. ఊర్లూ రావల్ల. ఏదన్నా చెయ్. నీకొచ్చు గదా."

ఆమెకొచ్చు. అదే ఆమెకు మరీ రోతగా అనిపించింది. డాలరు గుర్తును వదులుకొమ్మని జేక్వెరీకి చెప్పే వరుస ఒకటుంది. అది రాసి, తన స్క్రిప్టులన్నిటిలో డాలరు ఉన్న ప్రతిచోటా పూర్తి పేరు పెట్టుకుంటూ వచ్చింది. పూలు రాలుతూనే ఉన్నాయి, ఊళ్ళు కనబడ్డాయి. గంటన్నర పట్టింది. దివాకర్ ఫోన్లో శ్రీరంగప్పతో "చిన్న సర్వర్ ప్రాబ్లమన్నా, నేనే దగ్గరుండి చేయించినా" అంటుంటే, ఆమె కిటికీ దగ్గరికి పోయి బయటికి ఉమ్మేసి వచ్చింది.

తొమ్మిది రోజులు గడిచాయి. సంఘం గురించి పత్రికలో వేయించాలని, మార్కెట్ యార్డులోని కళ్యాణదుర్గం కేంద్రానికి పోయి రైతుల వరస ఫోటోలు తెమ్మని దివాకర్ ఆమె చేతికి కెమెరా ఇచ్చి పంపాడు. అక్కడ కంప్యూటర్ దగ్గర భరత్ అనే కుర్రవాడు కూర్చునేవాడు. ఆమె పోయేసరికి అతని ఎదురుగా ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ప్లాస్టిక్ కవరులో చుట్టిన పాస్‌బుక్‌ను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెడుతోంది.

"మూడోతూరి వస్తి నాయనా. నువ్వేమో నంబరు తప్పంటివి. ఎమ్మార్వో ఆఫీసుకు పోతే సరిగానే ఉండాదంటిరి. నేను ఎవురి మాట నమ్మల్ల?"

"నేనేం జేసేదక్కా? నేను కొట్టిందే కొడతాండా. అది ఎర్రగా తప్పు అని చూపిస్తాంది."

ఫరీన్ కెమెరా పక్కన పెట్టింది. ఆ మనిషి పేరు వెంకటలక్ష్మమ్మ. కంబదూరు వైపు పల్లె. ఇంతకుముందు రెండుసార్లు షేరు ఆటోలో ఇక్కడికి వచ్చి, మధ్యలో నంబరు సరిచేయించుకోవడానికి ఎమ్మార్వో ఆఫీసుకు తిరిగింది. అక్కడ సరిచేయడానికి ఏమీ లేదు. నంబరు సరైనదే. ఫరీన్ ఒక్కొక్క అంకెనూ వేలు పెట్టి చదివి తానే ఎక్కించింది. బటను నొక్కింది. 'పాస్‌బుక్ నంబరు తప్పు. సరిచూసుకుని రండి.' ఆ ఎర్ర అక్షరాలు ఫరీన్ రాసినవే.

"పట్టా ఎవురి పేరు మీద ఉందక్కా?" అని అడిగింది.

"మా ఇంటాయన పేరు మీద. పోయిన సంకురాత్రి ముందర పోయినాడు."

అప్పుడు చూసింది ఫరీన్. పట్టాదారు మరణించాడని టిక్కు పెట్టి ఉంది. పాస్‌బుక్ గడికి పైన మరణ ధ్రువపత్రం గడి తెరుచుకుని ఉంది. పేజీ వెనకాల ఉన్న రాతను తెరిచి చూసింది. పేజీలో ప్రతి గడికీ బయట కనబడే పేరు ఒకటి, లోపల ఇంకొక పేరు ఉంటాయి. స్క్రిప్టు లోపలి పేరు పట్టుకునే గడిని వెతుక్కుంటుంది. ఆ రోజు తొందరలో ఆమె బయటి పేరు మార్చింది, లోపలి పేరు మార్చలేదు. రెండు గళ్ళకూ 'పాస్‌బుక్' అనే ఉంది. ఒకే పేరుతో రెండుంటే స్క్రిప్టు మొదట కనబడినదాన్ని పట్టుకుంటుంది, రెండోదాని జోలికి పోదు. టిక్కు పెట్టగానే మొదట కనబడేది పైగడి, పెట్టకపోతే ఆ గడే పేజీలో ఉండదు. ఇన్ని రోజులుగా ఆ పేజీ చచ్చిపోయిన మనిషి డెత్ సర్టిఫికెట్ నంబరు చూసి, ఇది పాస్‌బుక్ నంబరు కాదు పొమ్మంటోంది. బతికున్న పట్టాదారులందరికీ చీటీలు వచ్చాయి. తండ్రులు పోయిన కొడుకులకూ మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళకూ మాత్రమే రాలేదు.

ఆఫీసుకు పరిగెత్తింది. మార్చాల్సింది ఒక్క మాట. రెండు నిమిషాలు పట్టలేదు. భరత్‌కు ఫోన్ చేసి, "ఇప్పుడు కొట్టు" అంది. అవతల ప్రింటరు గరగరమన్న చప్పుడు వినబడింది. వెంకటలక్ష్మమ్మ ఏదో అడుగుతోంది, భరత్ "సరిపోయిందక్కా, ఇంగ పో" అంటున్నాడు.

"భరత్, ఇట్ల ఎంతమందిని ఎనక్కి పంపినావు?"

"నలభై మందిపైనే ఉంటారక్కా. పేర్లు నోటుబుక్కులో రాసి పెట్టినా. రేపు ఎవురన్నా అడిగితే నా మీదికి వస్తాదని."

తన మీదికి రాకుండా ఉండాలని రాసుకున్న ఆ పుస్తకమే అంతటిలోకీ పనికొచ్చింది. నలభై ఒక్క పేర్లు. కణేకల్‌కూ గోరంట్లకూ ఫోన్ చేసి అడిగితే, వెనక్కి పోయినవాళ్ళ పేర్లు ఎవరు రాసుకుంటారని నవ్వారు.

దివాకర్ సాయంత్రం వచ్చాడు. అంతా విన్నాడు.

"సరిచేసినావు గదమ్మా. ఇంగ దాన్ని ఊరంతా చెప్పుకుంటారా ఎవురైనా? సర్వర్ ప్రాబ్లం అను."

"సర్వర్‌కేం రోగమన్నా? పేరు మార్చకుండా అతికించింది నేను. అతికించమని నెత్తిన నిలబడింది నువ్వు."

"రైతులు గూడ తప్పు నంబర్లు తెస్తారమ్మా. అందుకే గదా బయట కాగితం అంటించినాము."

ఆ కాగితం ఆమె పొద్దున కేంద్రం గోడ మీద చూసింది. 'తప్పు నంబర్లు తెచ్చినవారికి సంఘం బాధ్యత వహించదు.' దివాకర్ ముఖంలోకి చూస్తుంటే ఆమెకు ఏదో వాసన తగిలినట్టయింది. అతని మీద ఎంత రోత పుట్టిందో అంతకన్నా ఎక్కువ తన మీద పుట్టింది. అతనికి పేజీ లోపల ఏముంటుందో తెలియదు. తనకు తెలుసు. పరీక్ష చేయకుండా బయటికి పోనివ్వకూడదని తెలిసీ పోనిచ్చింది.

మరుసటి రోజు శ్రీరంగప్ప దగ్గరికి తానే పోయింది. జరిగింది దాచకుండా చెప్పింది. ఆయన తల ఊపుతూ విని, "అదట్లుండనీ, నిన్నట్నుంచి పూలు పడడంలే, ఏమైంది?" అన్నాడు.

"నేనే తీసేసినా."

"ఎందుకు తీసేస్తివి?"

ఫరీన్ భరత్ దగ్గర తెచ్చిన నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పెట్టింది. శ్రీరంగప్ప కళ్ళద్దాలు పెట్టుకుని పేర్లు చదివాడు. ఇద్దరు ముగ్గురు ఎరిగినవాళ్ళే. ఒక పేరు దగ్గర వేలు ఆపి, "వీళ్ళ నాయన మనోడే, పాపం పోయినాడు గదా" అని గొణిగాడు. కళ్ళద్దాలు తీసి పుస్తకం మూశాడు.

"గోడౌన్లో విత్తనం ఉన్నంతవరకు ఇస్తాంలే. పిల్చుకోని రాపో. సంఘం జీపు మాత్రం అడగొద్దు."

ఇంటికి పోయి తండ్రికి చెప్పింది. మాబు సాబ్ చేతిలోని తీగ చుట్ట కింద పెట్టాడు. ఇప్పుడు తన మీద ఉమ్ముతాడనుకుంది ఫరీన్.

"తప్పు నీదేనా?"

"నాదే నాయనా."

"అయితే నడువు. బండిలో పెట్రోలు ఉండాది."

మూడు రోజులు మోపెడ్ మీద తిరిగారు. మే నెల ఎండ. ఎర్రమట్టి దారుల్లో పల్లె తర్వాత పల్లె. కొందరు చెప్పగానే కండువా భుజాన వేసుకుని బయలుదేరారు. ఒకాయన అప్పటికే చేను కోరుకు, పంటలో వాటా మీద, వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. ఇద్దరు అన్నదమ్ములు వ్యాపారి దగ్గర పురుగు పట్టిన విత్తనం తెచ్చుకుని, అదే ఒలుచుకుంటూ కూర్చున్నారు. ఆ కాయల్ని చేతిలోకి తీసుకుని మాబు సాబ్ కూతురి వైపు చూశాడు.

ఒక పల్లెలో యశోదమ్మ అనే ముసలామె చేటలో కొర్రలు పెట్టుకుని రాళ్ళేరుతోంది. భర్త పోయి ఏడాది.

"మా ఆయన పోయినంక ఏ ఆఫీసుకు పోయినా తప్పు, తప్పు అంటాండ్రు. ఇదీ అట్లాంటిదే అనుకుంటి" అంది.

"నీ నంబరు తప్పు కాదవ్వా. మేం చేసిన దాంట్లో తప్పు."

"ఎవురు చేసినారు?"

"నేనే."

యశోదమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. కూర్చోమనలేదు, నీళ్ళు కావాలా అని అడగలేదు. "పోయి చెప్పుపో నా కొడుక్కు, చేన్లో ఉండాడు" అని మళ్ళీ చేట మీదికి వంగింది. ఆ చూపు ఫరీన్‌కు చాలా కాలం గుర్తుంది. అది తాను దివాకర్‌ను చూసే చూపే.

నలభై ఒక్కరిలో ఇరవై ఆరుగురికి విత్తనం అందింది. తర్వాత గోడౌన్ ఖాళీ అయింది. కణేకల్, గోరంట్లలో ఎంతమంది వెనక్కి పోయారో ఎవరికీ తెలియలేదు.

జూన్‌లో సంఘం మీటింగు పెట్టి దివాకర్‌కు శాలువా కప్పింది. ఆ మర్నాడు ఫరీన్ పని మానేసింది. దివాకర్ నిజంగానే బాధపడ్డాడు. "నిన్ను నేనేమన్నా అంటినా తల్లీ?" అని అడిగాడు. ఏమీ అనకపోవడమే ఆమెకు మింగుడు పడలేదు.

తండ్రి షెడ్డులో ముందు భాగాన ఒక బల్ల వేసుకుని, ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకుని, ఇతరుల పేజీలు బాగుచేసే పని పెట్టుకుంది. అనంతపురం నుంచి, తర్వాత బెంగళూరు నుంచి పనులు వచ్చేవి. తల్లి జుబేదాబీ టీ తెచ్చినప్పుడల్లా కూతురి ముఖం చూసి, "ఎందుకే ఈ పని, ఎప్పుడూ అసహ్యించుకుంటానే ఉంటావు" అనేది. అసహ్యించుకోవడానికి తక్కువేమీ లేదు. పేజీలో బటను ఇంకా పుట్టకముందే దాన్ని వెతికి, లేదని ఆగిపోయే స్క్రిప్టులు. తర్వాత చేర్చిన వరసల్లో నొక్కినా పలకని బటన్లు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో జాబితా కింద దూరి కనబడకుండా పోయే హెచ్చరికలు. అన్నిటికీ మందు చిన్నదే. అవతలివాడు ఒక్కసారి పాత కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేజీని తాను వాడి చూసుకుని ఉంటే చాలు. ఎవడూ చూసుకోడు. బాగుచేసి పంపేటప్పుడు ఆమె ప్రతిసారీ ఒక ఉత్తరం రాసేది. అందులో మర్యాద తక్కువ. అయినా పనులు ఆగలేదు.

తర్వాతి ఏడాది ఏప్రిల్‌లో శ్రీరంగప్ప షెడ్డు ముందు జీపు ఆపాడు. ఈసారి పేజీ నువ్వే చెయ్యల్లమ్మా అన్నాడు. ఆమె ఒప్పుకోవడానికి ముందు చాలాసేపు వాదన జరిగింది. మూడు కేంద్రాల్లోని పాత కంప్యూటర్లలో తాను స్వయంగా పరీక్ష చేసేదాకా పంపకం మొదలుపెట్టకూడదు. వెనక్కి పంపే ప్రతి మనిషి పేరూ రాసుకోవాలి. వీటికి ఆయన వెంటనే సరేనన్నాడు. ఫోటో దగ్గరే పట్టుబట్టాడు. గోరంట్లలో చిన్న తెర కంప్యూటర్లో పోయినేడు ఆయన ఫోటోనే తెరంతా ఆక్రమించి, గళ్ళు ఎక్కడున్నాయో కనబడలేదని ఫరీన్ చెప్పింది. చివరికి ఫోటో బొటనవేలంత అయింది. పూల మాట ఎవరూ ఎత్తలేదు.

మొదటి రోజు ఆమె కణేకల్‌లో కూర్చుంది. పదకొండు గంటలప్పుడు ఒకామె వచ్చి బల్ల మీద రెండు కాగితాలు పెట్టింది. ఒకటి పాస్‌బుక్, ఒకటి డెత్ సర్టిఫికెట్. ఆపరేటరు టిక్కు పెట్టాడు. పైగడి తెరుచుకుంది. ఫరీన్ తెరనే చూస్తోంది. చీటీ బయటికి వచ్చింది.

కాగితాలు తెచ్చినామె దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత చీటీ ముక్కకా పొద్దుట్నుంచి ఎండలో నిలబెట్టింది? మీ మొగాలకు" అని విసుక్కుని, కొంగు నెత్తిన కప్పుకుని గోడౌన్ వైపు నడిచింది.

ఫరీన్ తలెత్తి వరస చూసింది. అది గేటు దాటి రోడ్డు దాకా ఉంది. నిలబడేచోట నీడ లేదు, తాగడానికి నీళ్ళ కుండ లేదు. ఆమె ముఖం మళ్ళీ చేదు తాగినట్టు ముడుచుకుంది. శ్రీరంగప్పకు ఫోన్ చేయడానికి లేచింది.